ఫాస్ఫేట్ జీరో వచ్చిందంటే రిజర్వాయర్ బాగున్నట్టేనా?

నీళ్లు ఆకుపచ్చగా ఉన్నా కిట్ ఫాస్ఫేట్ జీరో చూపిస్తోంది, కిట్ పాడైందా అని అడిగారు. కిట్ పాడవ్వలేదు. అది కొలిచేది నీళ్లలో కరిగి ఉన్న ఫాస్ఫేట్‌ని మాత్రమే, నాచు బాగా పెరిగిన చోట ఆ కరిగినదాన్ని నాచే ఎప్పుడో లాగేసుకుని ఉంటుంది. అంటే మీరు వెతికే ఫాస్ఫరస్ ఆ పచ్చదనంలోనే ఉంది. టోటల్ ఫాస్ఫరస్ చేయించండి, వడకట్టని శాంపిల్‌కి ల్యాబ్‌లో యాసిడ్, పర్‌సల్ఫేట్ కలిపి వేడిచేసి, నాచులో ఉన్నదాన్ని కూడా బయటికి తెచ్చి కొలుస్తారు. లీటరుకి 35 మైక్రోగ్రాములు దాటితేనే ఓఈసీడీ (అభివృద్ధి చెందిన దేశాల ఆర్థిక సంస్థ) లెక్కలో అది యూట్రోఫిక్, అంటే పోషకాలు మితిమీరిన జలాశయం. మిల్లీగ్రాముల్లో రంగు చూసి చెప్పే మామూలు కిట్‌కి అంత తక్కువ మోతాదు అసలు అందదు.

నేను ఎం.ఎస్సీ. ప్రాజెక్ట్‌కి హిమాయత్‌సాగర్‌లో శాంపిళ్లు తీశాను. ఈసీ నది మీద 1927లో పూర్తయిన రిజర్వాయర్ అది, ఎగువన పొలాలు, ఊళ్లు, వాటి మురుగు అన్నీ ఉన్నాయి. అలాంటిచోట కట్ట మీంచి ఒక్క బాటిల్ ముంచుకొచ్చి మొత్తం రిజర్వాయర్ గురించి రాయడం నాకు ఇప్పటికీ నచ్చదు, ఎందుకంటే పైన తేలే నాచు గాలి ఎటు తోస్తే అటు పేరుకుంటుంది. నది వచ్చి కలిసేచోట, నడిమధ్యలో, కట్ట దగ్గర లోతైన చోట తీయండి, ఆ లోతైన చోట పై నీళ్లూ అడుగు నీళ్లూ వేర్వేరుగా.

అడుగు నీళ్లు వదిలేయొద్దు. ఎండాకాలంలో పైన వేడి నీళ్లు, కింద చల్లటి నీళ్లు కలవకుండా ఉండిపోయి అడుగున ఆక్సిజన్ అయిపోతుంది, అప్పుడు బురదలో ఇనుముతో కట్టుబడి ఉన్న ఫాస్ఫరస్ విడిపోయి పైకి వస్తుంది. నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని కొలిచే వింక్లర్ పద్ధతిలో ఆక్సిజన్ అయిపోవడం కళ్లకు కనిపిస్తుంది: పడవలోనే రెండు రసాయనాలు వేసి మూత బిగించి తిప్పితే, ఆక్సిజన్ ఉన్న నీళ్లలో గోధుమరంగు ముద్ద కడుతుంది, లేని నీళ్లలో తెల్లగానే ఉండిపోతుంది. మొదటిసారి ఆ తెల్ల ముద్ద చూసినప్పుడు నిజంగా బాధేసింది.

టైమ్ తప్పకుండా రాసుకోండి. నాచు పట్టిన నీళ్లలో మధ్యాహ్నం ఆక్సిజన్, పీహెచ్ రెండూ పెరిగి నీళ్లు బ్రహ్మాండంగా ఉన్నట్టు కనిపిస్తాయి, అదే చోట తెల్లారుజామున చూస్తే ఆక్సిజన్ పడిపోయి ఉంటుంది. శుద్ధి చేసి తాగడానికి వాడే నీళ్లకి సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) పెట్టిన హద్దు లీటరుకి కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్, దాన్ని మధ్యాహ్నం రీడింగ్‌తో పోల్చి సంతోషపడితే లాభం లేదు. బాటిళ్లని సబ్బుతో కాకుండా పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో కడగండి, సబ్బుపొడిలోనే ఫాస్ఫేట్ ఉండొచ్చు.

డబ్బులు తక్కువుంటే నీళ్లు ఎంత లోతుదాకా తేటగా ఉన్నాయో చూసే సెక్కి డిస్క్ చాలు, 20 సెంటీమీటర్ల పళ్లానికి నలుపు తెలుపు రంగులేసి తాడు కట్టుకోవడమే. పడవ నీడ పడే వైపు దించి, కనపడకుండా పోయిన లోతు, పైకి లాగుతుంటే మళ్లీ కనిపించిన లోతు, రెండింటి సగటు తీసుకోండి. జలాశయం ఎంత యూట్రోఫిక్ అయిందో అంకెల్లో చెప్పే కార్ల్‌సన్ సూచికలో ఆ లోతు 2 మీటర్లకి 50, 1 మీటరుకి 60 వస్తుంది, 50 దాటితే యూట్రోఫిక్ వైపు వెళ్తున్నట్టే. వానాకాలంలో మాత్రం మట్టినీళ్ల వల్ల డిస్క్ తొందరగా మాయమవుతుంది, దాన్ని నాచు ఖాతాలో వేయకండి.

నీళ్ల మీద ఆకుపచ్చ పెయింట్ పోసినట్టు తెట్టు కట్టి ఉంటే మాత్రం ల్యాబ్ రిపోర్ట్ వచ్చేదాకా ఆగకండి, పశువుల్ని అటు తోలొద్దని ఊళ్లో చెప్పండి. అది మైక్రోసిస్టిస్ లాంటి నాచు అయితే దాని విషం నీళ్లు మరిగించినా పోదు.