ఇంటిల్లిపాది ఫొటోలో వెనక వరుస మసకబారుతోందా?

సందేహం: చిన్న ఊళ్లో ఉన్న మా పాత పెంకుటింటి ముందు తొమ్మిది మందిమి నిలబడి, ఫోన్‌లోని పోర్ట్రెయిట్ మోడ్‌తో ఫొటో తీసుకుంటే వెనక వరుసలోని ముఖాలు మసకగా వస్తున్నాయి. అంచుల్లో ఉన్నవాళ్లు సాగినట్టు కనిపిస్తున్నారు. కొత్త కెమెరా కొనక తప్పదా?

జవాబు: అక్కర్లేదు. పోర్ట్రెయిట్ మోడ్‌లో కనిపించే మసక చాలావరకు లెన్స్ వల్ల వచ్చేది కాదు. ఎవరు ఎంత దూరంలో ఉన్నారో సాఫ్ట్‌వేర్ అంచనా వేసి, ఫోకస్ పడిన వరుసను మాత్రం స్పష్టంగా ఉంచి మిగతాదాన్ని మసక చేస్తుంది. అందుకే ముందు వరుసపై ఫోకస్ పడితే వెనక నిలబడ్డ పెద్దవాళ్లు కూడా దాని లెక్కలో నేపథ్యమైపోతారు. మామూలు ఫొటో మోడ్‌కు మారండి. ఫోన్‌లో వెలుతురును పట్టే సెన్సర్ చిన్నది కాబట్టి రెండు వరుసలూ స్పష్టంగానే వస్తాయి. పైగా పెచ్చులూడిన గోడ, చెక్క తలుపు కనిపించాలనే కదా అక్కడ నిలబడ్డారు, వాటిని మసక చేయడం ఎందుకు?

అంచుల్లోని ముఖాలు సాగడానికి కారణం వైడ్ లెన్స్‌తో దగ్గర నుంచి తీయడం. నాలుగడుగులు వెనక్కి వెళ్లి 2ఎక్స్ జూమ్ ఎంచుకోండి, చివర నిలబడ్డవాళ్లను కాస్త లోపలికి జరపండి.

అన్నిటికన్నా నేను పట్టుబట్టేది వెలుతురు గురించి. నడినెత్తిన ఎండ ఉంటే కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి, యాప్‌తో వాటిని సహజంగా తొలగించడం కష్టం. సూర్యోదయం తర్వాత గంటలోపు గానీ, అస్తమయానికి ముందు గంటలో గానీ తీయండి. అది కుదరకపోతే ఇంటి నీడలోనే, అందరి ముఖాలూ తెరిచి ఉన్న ఆకాశం వైపు ఉండేలా నిలబెట్టండి. ఎదురుగా సున్నం వేసిన గోడ ఉంటే అది వెలుతురును ముఖాలపైకి తిప్పి పంపుతుంది, ఎర్ర ఇటుక గోడైతే చర్మానికి ఎర్రటి ఛాయ అంటుతుంది. సూర్యుడు వాళ్ల వెనక ఉంటే తెరపై ఒక ముఖాన్ని కాసేపు నొక్కి పట్టుకుని ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి వచ్చే వెలుతురు మోతాదు) లాక్ చేసి, పక్కన వచ్చే స్లయిడర్‌తో వెలుతురు సరిచేయండి.

పిల్లలు కదులుతారు కాబట్టి బర్స్ట్‌లో వరుసగా తీసి, అందరి కళ్లూ తెరిచి ఉన్నదాన్ని ఎంచుకోండి. ఎవరి దగ్గరైనా విడిగా కెమెరా ఉంటే రెండు వరుసలకు లెన్స్ రంధ్రం (అపర్చర్) ఎఫ్/5.6, షట్టర్ వేగం సెకనులో 1/250వ వంతు సరిపోతాయి.

12 మెగాపిక్సెళ్ల ఫొటోను అంగుళానికి 300 చుక్కల నాణ్యతతో సుమారు 13×10 అంగుళాల వరకు ప్రింట్ తీయించవచ్చు. అయితే వాట్సాప్‌లో ఫొటోగా పంపితే పరిమాణం తగ్గిపోతుంది కాబట్టి, ప్రింట్‌కు ఇచ్చేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి.