చార్‌ధామ్ యాత్ర: పద్నాలుగురి డబ్బు ఇప్పుడే కట్టేయాలా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా. మా వీధి భజన బృందంలో 14 మందిమి వచ్చే వేసవిలో చార్‌ధామ్ యాత్రకు వెళ్దామనుకుంటున్నాం. ఇంకా పది నెలలుంది. హరిద్వార్ నుంచి మళ్లీ హరిద్వార్ దాకా రోడ్డు ప్రయాణం, బస, భోజనం కలిపి మనిషికి 38 వేలని ట్రావెల్స్ అతను చెప్పాడు. ఇప్పుడే మొత్తం కట్టేస్తే మనిషికి 3 వేలు తగ్గిస్తానంటున్నాడు. మాలో కొందరు చీటీ వేద్దామంటున్నారు. ఆరుగురికి 60 దాటాయి. ఒక పెద్దావిడ గాజులు తాకట్టు పెట్టయినా వస్తానంటున్నారు. డబ్బు బాధ్యత నాకు అప్పజెప్పారు. ఎలా ప్లాన్ చేసుకోవాలి?

జవాబు: ముందు ఆ 3 వేల తగ్గింపు సంగతి తేల్చుకుందాం. మీ అందరికీ కలిపి తగ్గేది 42 వేలు. దానికోసం 4,90,000 రూపాయలు పది నెలల ముందే అతని చేతిలో పెట్టాలి. ఆ డబ్బు ఆరున్నర శాతం వడ్డీకి బ్యాంకులో ఉన్నా సుమారు 26,500 వస్తుంది. అంటే నిజంగా మిగిలేది మనిషికి 1,100 రూపాయలు. ఆ పదకొండు వందల కోసం మీ చేతిలో ఉన్న పట్టు మొత్తం వదిలేసుకున్నట్టే. రేపు గది బాగాలేదన్నా, బండి మార్చమన్నా అడగడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. వద్దని చెప్పేయండి.

ఇంకో సంగతి కూడా చూడండి. యమునోత్రి, గంగోత్రి ఆలయాలు అక్షయ తృతీయకు తెరుస్తారు. కానీ బదరీనాథ్ తేదీని వసంత పంచమి నాడు, కేదార్‌నాథ్ తేదీని మహాశివరాత్రి నాడు ప్రకటిస్తారు. అంటే ఇప్పుడు తేదీలతో సహా ప్యాకేజీ ఖాయమని ఎవరు చెప్పినా అది అంచనాయే. తేదీలే తెలియని ప్రయాణానికి పూర్తి డబ్బు అడగడం న్యాయం కాదు. కాబట్టి విడతలు ఇలా మాట్లాడుకోండి. ఇప్పుడు మనిషికి 5 వేలు అడ్వాన్సు. శివరాత్రి తర్వాత తేదీలు, బస చేసే ఊళ్లు కాగితం మీద పెట్టాక 13 వేలు. బయల్దేరడానికి నెల ముందు, గదుల బుకింగ్ చూపించాక 12 వేలు. చివరి 8 వేలు హరిద్వార్‌లో బండి కళ్లారా చూశాక. ఈ పద్ధతికి అతను ఒప్పుకోకపోతే ఇంకొకరిని చూసుకోండి, హరిద్వార్, రిషికేశ్‌లలో ట్రావెల్స్‌కు కొదవలేదు.

బండి కళ్లారా చూడమనడానికి కారణం ఉంది. కొండదారుల్లో యాత్రికులను తిప్పే బండికి పసుపు నంబర్ ప్లేటు, ఉత్తరాఖండ్ రవాణా శాఖ ఇచ్చే గ్రీన్ కార్డు ఉండాలి. తెల్ల ప్లేటు సొంత కారును కిరాయికి తిప్పితే, ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ క్లెయిమ్‌కు అడ్డుచెప్పే అవకాశం ఉంటుంది. ఆర్సీ, గ్రీన్ కార్డు ఫొటోలు ముందే వాట్సాప్‌లో తెప్పించుకోండి. 14 మందికి 14 సీట్ల బండి సరిపోదు, సామాను ఎక్కడ పెడతారు? 17 సీట్ల టెంపో ట్రావెలర్ అడగండి. కొండ ఎక్కేటప్పుడు చాలామంది డ్రైవర్లు ఏసీ వేయరు, అది ముందే తెలిస్తే దారిలో గొడవ ఉండదు. డ్రైవర్ బత్తా, పార్కింగ్, టోల్ 38 వేలలో ఉన్నాయో లేదో రాయించుకోండి.

ఇప్పుడు అసలు ఖర్చు. 38 వేలతో యాత్ర పూర్తికాదు. మీ ఊరి నుంచి హరిద్వార్‌కు రానుపోను రైలుకు 5,500 అనుకుందాం. సోన్‌ప్రయాగ్ దగ్గర మీ బండి ఆగిపోతుంది, అక్కడి నుంచి గౌరీకుండ్‌కు స్థానిక జీపుల్లో వెళ్లాలి. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కు సుమారు 16 కిలోమీటర్లు నడక, జానకి చట్టి నుంచి యమునోత్రికి ఐదారు కిలోమీటర్లు. 60 దాటినవాళ్లలో ఎక్కువమందికి గుర్రమో డోలీనో కావాల్సి వస్తుంది. వీటికి, పూజలకు, చిల్లర ఖర్చులకు 9 వేలు వేసుకోండి. డోలీ ఎక్కేవాళ్లకు ఇంకా ఎక్కువే అవుతుంది, వాళ్లు విడిగా కూడబెట్టుకోవాలి. వీటన్నిటి మీద మనిషికి 7,500 అత్యవసర నిధి. మొత్తం 60 వేలు, నెలకు 6 వేల చొప్పున పది నెలలు.

ఆ అత్యవసర నిధిని దయచేసి తగ్గించకండి. నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. అక్కడ కొండచరియలు విరిగిపడి రోడ్డు మూసేయడం మామూలే. ఒకచోట రెండు రోజులు ఆగిపోయారనుకోండి. ఐదు గదులు, గదికి 2,500 చొప్పున రెండు రాత్రులకు 25 వేలు. బండి నిలిపినందుకు రోజుకు 7 వేలు వేసినా 14 వేలు. భోజనాలకు మరో 14 వేలు. మొత్తం 53 వేలు. మీ నిధి 1,05,000, సగం పోయినా ఇంకో సగం ఆసుపత్రి అవసరానికి ఉంటుంది. ఈ ఖర్చు ఎవరు భరించాలో ముందే అనుకోకపోతే, ఆ చలిలో, ఆ టెన్షన్‌లో బృందంలో మాటామాటా పెరుగుతుంది. తిరుగు రైలు టికెట్టు కూడా యాత్ర ముగిసిన మర్నాటికి కాకుండా రెండు రోజులు వదిలి తీసుకోండి. రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతుంది, ఒక టికెట్టు మీద ఆరుగురికే వస్తుంది. కాబట్టి మూడు టికెట్లు ముగ్గురు ఒకేసారి కూర్చుని బుక్ చేయాలి.

2013 జూన్‌లో కేదార్‌నాథ్‌ను ముంచిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. 2025 ఆగస్టులో గంగోత్రి దారిలోని ధరాలీలో కూడా వరద విరుచుకుపడింది. జూన్ రెండో సగం నుంచి ఆగస్టు దాకా ఆ వైపు వెళ్లకపోవడమే మంచిది. సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో వెళ్లగలిగితే రద్దీ తగ్గుతుంది, కూడబెట్టుకోవడానికి మరికొన్ని నెలలూ దొరుకుతాయి. చలి మాత్రం ఎక్కువ.

చీటీ ఈ పనికి కుదరదు. చీటీలో నెలకొకరు పాడుకుంటారు, మీకు 14 మందికీ డబ్బు ఒకేసారి కావాలి. పైగా ఇంత పెద్ద చీటీని రిజిస్ట్రేషన్ లేకుండా నడపడం 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం ప్రకారం నేరం, బాధ్యత మీ మీద పడుతుంది. ఎవరి డబ్బు వాళ్ల బ్యాంకులో, వాళ్ల పేరునే ఆరు నెలల ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేసుకోమనండి. శివరాత్రి ప్రాంతానికి అది చేతికొస్తుంది, రెండో విడత అందులోంచే కట్టొచ్చు. పోస్టాఫీసు ఆర్‌డీ వద్దు, అది ఐదేళ్లది, మూడేళ్లు నిండందే మూసేయనివ్వరు. మీ చేతికి రావాల్సింది విడత కట్టే రోజున ఆ విడత, దానితోపాటు అత్యవసర నిధి, అంతే. నిధిని మీరూ మరొకరూ ఇద్దరి సంతకాలతో నడిపే ఉమ్మడి ఖాతాలో ఉంచండి. మీ సొంత ఖాతాలో కలపకండి, ఇంటి ఖర్చుతో కలిసిపోతే తర్వాత లెక్క చెప్పడం కష్టం.

మధ్యలో మానుకున్నవాళ్ల సంగతి మొహమాటం లేకుండా మొదటి రోజే మాట్లాడండి. బండి కిరాయి 1,26,000 అనుకుంటే 14 మందికి తలా 9 వేలు. ఇద్దరు తగ్గితే 10,500. మిగతావాళ్లు ఆ తేడా ఎందుకు భరించాలి? శివరాత్రి లోపు మానుకుంటే అడ్వాన్సు 5 వేలు మాత్రమే పోతాయని, ఆ తర్వాత మానుకుంటే బండి వాటా కూడా పోతుందని, వాళ్ల స్థానంలో ఇంకొకరిని తెస్తే అంతా తిరిగి ఇస్తామని రాసుకుని అందరూ సంతకాలు పెట్టండి.

కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లు ఐఆర్‌సీటీసీ హెలీయాత్ర వెబ్‌సైట్‌లోనే తీసుకోండి. ఆ పేరుతో నకిలీ సైట్లు చాలా ఉన్నాయి. ఎవరైనా మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. యాత్ర రిజిస్ట్రేషన్ అందరికీ తప్పనిసరి, అది ట్రావెల్స్ వాళ్లు చేస్తామన్నా ప్రతి ఒక్కరి కాగితం మీ దగ్గర ఉండాలి. కొండల మీద సిగ్నల్ లేకపోతే ఫోన్ చెల్లింపులు పనిచేయవు, ఉత్తరకాశీ, గుప్తకాశీ లాంటి ఊళ్లలోనే నగదు తీసుకోండి.

70 ఏళ్ల లోపువాళ్లందరూ ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఉన్నారేమో చూడండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. దాని ఏడాది మే 31తో ముగుస్తుంది. మీరు మే చివర్లో కొండల మీద ఉంటే ఖాతాలో ఆ 20 రూపాయలు ఉండేలా ముందే చూసుకోవాలి. ఇది వైద్య ఖర్చులకు కాదు. బీపీ, షుగర్, గుండె జబ్బులున్నవాళ్లు తమ ఆరోగ్య బీమా కార్డు, మందుల చీటీ వెంట ఉంచుకోవాలి, వెళ్లేముందు డాక్టరును కలవాలి.

ఇక గాజులు తాకట్టు పెడతానన్న పెద్దావిడ. ఇప్పుడు 35 వేలు కట్టడానికి పది శాతం వడ్డీకి బ్యాంకులో పెట్టినా పది నెలలకు 2,900 పైనే వడ్డీ అవుతుంది, ఆ 3 వేల తగ్గింపు అక్కడితో సరి. బయట రెండు రూపాయల వడ్డీకైతే 7 వేలు. విడతల పద్ధతిలో వెళ్తే ఆవిడకు ఇప్పుడు తాకట్టు అవసరమే లేదు. నెలకు 6 వేలు ఆవిడ వల్ల కాకపోతే నాలుగు ధామాలకు బదులు కేదార్, బదరీ రెండే పెట్టుకోవచ్చేమో అందరినీ అడగండి. రోజులూ తగ్గుతాయి, ఖర్చూ తగ్గుతుంది. ట్రావెల్స్ అతని దగ్గర రెండు ధామాల రేటు కూడా రాయించుకుని, ఆవిడ ఉన్నప్పుడే ఆ కాగితం బృందం ముందు పెట్టండి.