జూనియర్ అంటే వెనకబడ్డట్టా? చదువుకునే పిల్లల పేర్ల మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: మా అమ్మాయి వాళ్ళు డల్లాస్‌లో ఉంటారండీ. మొన్న ఫోన్లో మనవడిని ఏం చదువుతున్నావురా అంటే జూనియర్ అమ్మమ్మా అన్నాడు, పోయినేడు అడిగితే సోఫమోర్ అన్నాడు. ఈడు ప్రకారం వాడు ఇంటర్లో ఉండాలి, ఎక్కడైనా వెనకబడ్డాడేమో, అమ్మాయి నా దగ్గర దాస్తోందేమో అని రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు.
– ఒక అమ్మమ్మ, తెనాలి

జవాబు: హాయిగా పడుకోండమ్మా, మీ మనవడు ఎక్కడుండాలో అక్కడే ఉన్నాడు. అమెరికాలో హైస్కూలంటే మామూలుగా తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ళు, ఒక్కో ఏడుకి ఒక్కో పేరు, తొమ్మిదిలో ఫ్రెష్‌మన్, పదిలో సోఫమోర్, పదకొండులో జూనియర్, పన్నెండులో సీనియర్. ఇప్పుడు మన వైపు చూడండి, ఇంటర్ ఫస్టియర్ని జూనియర్ ఇంటర్ అంటాం, సెకండియర్ని సీనియర్ ఇంటర్ అంటాం, అవీ పదకొండూ పన్నెండే కదా, అంటే మీవాడి జూనియరూ మన జూనియర్ ఇంటరూ ఒకటే మెట్టు, పేరుతో సహా కలిసిపోయింది. మీ పక్కింటి పిల్లాడు జూనియర్ ఇంటర్ అంటే మీకు దిగులు రాలేదుగా, ఇదీ అంతే.

ఒక్కటి మాత్రం ముందే చెప్తాను, లేకపోతే రెండేళ్ళ తర్వాత మళ్ళీ కంగారు పడతారు. అక్కడ కాలేజీలో చేరాక డిగ్రీ నాలుగేళ్ళకి కూడా ఇవే నాలుగు పేర్లు మళ్ళీ మొదట్నుంచి వస్తాయి, అప్పుడు వాడు ఫ్రెష్‌మన్‌ని అమ్మమ్మా అంటే మళ్ళీ తొమ్మిదో తరగతికి పోయాడని కాదు, కాలేజీ మొదటేడని. మన బీటెక్ పిల్లల మాట వేరు, వీళ్ళకి జూనియర్ అంటే నా వెనక బ్యాచ్ వాడు అని, సెకండియర్ పిల్లాడు ఫస్టియర్ వాళ్ళకి సీనియరు, థర్డియర్ వాళ్ళకి జూనియరు, అడిగేవాళ్ళని బట్టి మారిపోతుంది. అక్కడ జూనియరంటే మూడో ఏడే, ఎవరు పిలిచినా.

ప్రశ్న: "విద్యార్థిని అభినందించిన కలెక్టర్" అని పేపర్లో హెడ్డింగు. కింద ఫొటోలో మెడల్ పట్టుకుని ఒక అమ్మాయి. మా క్లాసులో పిల్లలు ఇది కరెక్టేనా సార్ అని అడిగారు, నేను చటుక్కున చెప్పలేకపోయాను.
– ఒక తెలుగు టీచరు, కరీంనగర్

జవాబు: పిల్లలు భలే పట్టుకున్నారు సార్, వాళ్ళకి నా తరఫున శభాష్ చెప్పండి. విద్యార్థి అన్న మాటకి ని చేరిస్తే విద్యార్థిని, ఎవర్ని అంటే విద్యార్థిని. ఆడపిల్లని చెప్పే మాట కూడా విద్యార్థినే. కాబట్టి అభినందన అందుకున్నది అమ్మాయైతే విద్యార్థినిని అని రెండు ని లు పడాలి, పలకడానికి ఇబ్బందని ఒకటి మింగేస్తారు. నాకైతే బాధగా ఉంటుంది, అంత కష్టపడి మెడల్ తెచ్చుకున్న పిల్ల ఒక్క అక్షరం పోయినందుకు హెడ్డింగులోంచి మాయమైపోయింది. రెండు ని లు నచ్చకపోతే "విద్యార్థినికి కలెక్టర్ అభినందన" అని రాస్తే ఏ గొడవా లేదు.

అన్నట్టు విద్యార్థి అంటే విద్య కావాలని కోరి వచ్చినవాడు. అందుకే గేటు దగ్గర అమ్మ చున్నీ వదలకుండా ఏడ్చే మూడున్నరేళ్ళ బిడ్డని ఎల్‌కేజీ విద్యార్థి అని రాస్తే నాకు మనసొప్పదు. ఎల్‌కేజీ పాప, బడిపిల్లలు, టెన్త్ పిల్లలు, ఇంటర్ పిల్లలు, ఇవి మనం రోజూ అనే మాటలు, ముద్దుగా ఉంటాయి, ఇవే రాయొచ్చు.

ప్రశ్న: యూనివర్సిటీలో స్నాతకోత్సవం అంటారు, పెళ్ళిలో పురోహితుడు స్నాతకం అంటారు. రెండిటికీ సంబంధం ఏమైనా ఉందా?
– ఒక డిగ్రీ అమ్మాయి, రాజమండ్రి

జవాబు: ఉందమ్మా, రెండూ ఒకటే. వెనకటికి గురువు దగ్గర చదువు అయిపోయాక స్నానం చేయించి ఇంటికి పంపేవాళ్ళు, అలా స్నానం చేసినవాడు స్నాతకుడు, ఇక పెళ్ళి చేసుకోవచ్చు. ఆ తంతునే ఇప్పుడు పెళ్ళికి ముందు చేస్తున్నారు, అది కాగానే పెళ్ళికొడుకు గొడుగు పట్టుకుని కాశీకి బయల్దేరతాడు చూశావా, పెళ్ళికూతురి తమ్ముడు వెళ్ళొద్దు బావా అని ఆపుతాడు, ఫొటోగ్రాఫర్ అందర్నీ అక్కడే నిలబెడతాడు. చదువు పూర్తయింది, సంసారమా సన్యాసమా తేల్చుకో అని దాని భావం. పీజీని స్నాతకోత్తరం అనడం కూడా అందుకే, స్నాతకం తర్వాతది అని. చదువుతున్నన్నాళ్ళూ గురువు దగ్గరే ఉండేవాడిని అంతేవాసి అనేవాళ్ళు, ఇప్పటి హాస్టల్ పిల్లలకి ఎవరైనా ఆ పేరు పెడితే బాగుండు అనిపిస్తుంది. నువ్వు డిగ్రీ పాసైతే పట్టభద్రురాలివి, ఎమ్మెల్సీ ఎలక్షన్లప్పుడు వినే పట్టభద్రులు ఆ మాటే.

ప్రశ్న: మా నాన్న పీయూసీ చదివారు, మా పాప బాసర ట్రిపుల్ ఐటీలో చేరి నేనూ పీయూసీనే అంటోంది, తాతామనవరాళ్ళు ఒకటే చదువా? మా పెదతాత థర్డ్ ఫారం అనేవారు, మా అత్తగారి నాన్న ఏడో జమాత్ అనేవారు, అవేంటి?
– ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: పేరొకటే గానీ చదువు ఒకటి కాదండీ. మీ నాన్నగారి కాలంలో పదకొండేళ్ళ స్కూలు, ఆ తర్వాత ఒక్క ఏడాది పీయూసీ, అంటే ప్రీ యూనివర్సిటీ కోర్సు, ఆపైన డిగ్రీ. తర్వాత టెన్తూ రెండేళ్ళ ఇంటరూ వచ్చి, 1971లో ఇంటర్ బోర్డు కూడా పెట్టాక ఆ పేరు మన దగ్గర దాదాపు కనుమరుగైపోయింది. 2008లో బాసర లాంటి ట్రిపుల్ ఐటీలు వచ్చాక మళ్ళీ ప్రాణం పోసుకుంది, అక్కడ టెన్త్ అవగానే ఆరేళ్ళ కోర్సులో చేరతారు, మొదటి రెండేళ్ళు పీయూసీ, అంటే ఇంటర్‌తో సమానం, మిగతా నాలుగూ ఇంజనీరింగ్. పిల్లలు మాత్రం పీ వన్, పీ టూ, తర్వాత ఈ వన్ నుంచి ఈ ఫోర్ అనుకుంటారు. ఫారాలు మద్రాసు వైపువి, ఐదో తరగతి తర్వాత ఫస్ట్ ఫారం, అంటే మన ఆరు, కాబట్టి పెదతాతగారి థర్డ్ ఫారం ఇప్పటి ఎనిమిది. జమాత్ నిజాం కాలపు ఉర్దూ బడుల మాట, తరగతి అనే అర్థం, ఏడో జమాత్ అంటే ఏడో తరగతే.