చెట్టు మొదట్లో జడలల్లిన నాచు

ప్రశ్న: ఇంగ్లండులో ఉంటున్న మా అబ్బాయి ఇంటికి గత చలికాలంలో వెళ్ళినప్పుడు, వాళ్ళ పెరటిలోని ఆపిల్ చెట్టు మొదట్లోనూ ప్రహరీ రాళ్ళ మీదా ఆకుపచ్చని చాప పరిచినట్లు నాచు పెరిగి ఉండటం చూశాను. ఒక అంచు పట్టుకొని లాగితే అరచేతి వెడల్పు ముక్క చెక్కుచెదరకుండా ఊడి వచ్చింది. దగ్గరగా చూస్తే దాని కొమ్మలు సన్నని జడల్లా ఉన్నాయి. వానాకాలంలో మన గోడలకు పట్టే పాచి కూడా ఇదేనా? దీనివల్ల చెట్టుకు హాని ఉంటుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు రాసిన గుర్తులలో మాకు ఎక్కువగా ఉపయోగపడినది ‘జడ’ అన్న మాట. ఇంగ్లండులో చెట్ల మొదళ్ళనూ రాతిగోడలనూ జడల్లాంటి కొమ్మలతో కప్పే నాచులలో చాలా సాధారణమైనది హిప్నమ్ క్యుప్రెసిఫార్మి. మీరు చూసినది చాలావరకు అదే అయి ఉంటుంది. దాని దగ్గరి బంధువులు మరికొన్ని ఉన్నందువల్ల, ఆకు కణాలను సూక్ష్మదర్శినిలో చూడకుండా అంతకంటే గట్టిగా చెప్పడం సరికాదు.

మనం చెరువులో తేలే శైవలాలనూ గోడమీది మాస్ మొక్కలనూ ఒకే మాటతో నాచు అనీ పాచి అనీ అంటున్నాం గానీ, ఇది శైవలం కాదు, కాండమూ ఆకులూ ఉన్న చిన్న మొక్క. కాండం కొన్ని సెంటీమీటర్ల పొడవున నేలబారుగా పాకుతూ అటూ ఇటూ కొమ్మలు వేస్తుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల ఆకులు ఒకదానిపై ఒకటి కప్పుకుంటూ, సన్నని మొనలన్నీ ఒకే వైపుకు, కిందికి వంగి ఉండటం వల్ల ప్రతి కొమ్మా అల్లిన జడలా కనిపిస్తుంది. సైప్రస్ చెట్టు రెమ్మను పోలినదని దీనికి క్యుప్రెసిఫార్మి అనే పేరు వచ్చింది. హిప్నమ్ అన్నది నిద్ర అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. ఐరోపాలో ఒకప్పుడు ఇలాంటి నాచును ఎండబెట్టి దిండ్లలో కూరేవారు. ఈ జాతికి నేడు చెల్లుబాటవుతున్న పేరు, లైప్‌జిగ్‌లో పనిచేసిన వైద్యుడు యోహాన్ హెడ్విగ్ మరణానంతరం 1801లో వెలువడిన ఆయన గ్రంథం నుంచి లెక్కకు వస్తుంది.

ఇక మన గోడల సంగతి. వానాకాలంలో ఇటుక గోడలపై మఖమలులా కనిపించే మాస్ మొక్కలలో ఎక్కువ భాగం నిటారుగా, ఒకదాని పక్కన ఒకటి నిలబడి పెరుగుతాయి. పాఠ్యపుస్తకాలలో మనం చదువుకున్న ఫ్యునేరియా ఆ కోవలోనిదే. వాటికి సిద్ధబీజాలను (విత్తనాల బదులు మొక్కను వ్యాపింపజేసే పొడిలాంటి కణాలను) మోసే గుళిక కాండం కొసనే పుడుతుంది గనుక ఆ కాండం పెరుగుదల అక్కడితో ఆగిపోతుంది. హిప్నమ్‌లో గుళిక కాండం పక్కనుంచి, ఎర్రని సన్నని కాడపై లేస్తుంది. కొస ఖాళీగా ఉంటుంది కాబట్టి కాండం ముందుకు పాకుతూనే ఉంటుంది, పాకిన కాండాలు ఒకదానిలో ఒకటి చిక్కుకొని చాపగా మారతాయి. మీ చేతికి ముక్క చెదరకుండా వచ్చింది అందుకే.

ఈ చాప మొక్కకు నీటిని నిలిపే ఏర్పాటు కూడా. ఎండ కాస్తే ఆకులు ముడుచుకొని, పెరుగుదల ఆగి, మొక్క చచ్చినట్లు పడి ఉంటుంది. నాలుగు చినుకులు పడితే తిరిగి పచ్చబడుతుంది. అందువల్ల చెట్టు బెరడు, పడిపోయిన దుంగ, బండ, గోడ, ఇంటి పైకప్పు వంటి నేల తడి అందని చోట్ల కూడా ఇది నిలదొక్కుకుంటుంది. నిత్యం నీరు నిలిచే చిత్తడి మాత్రం దీనికి పడదు. చోటును బట్టి రూపం మార్చడంలో కూడా ఇది గడుసుది. సున్నపురాతి నేలలలోని పచ్చికలో బలిసిన కొమ్మలతో బంగారు ఛాయలో కనిపించే రకాన్నీ, చెట్టు కాండాల మీద దారాల్లా వేలాడే రకాన్నీ ఒకే జాతిలో చేర్చాలా వేరుచేయాలా అన్న వాదం వృక్షశాస్త్రవేత్తలలో చాలాకాలంగా నడుస్తోంది. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాలలోనూ ఈ జాతిని గుర్తించారు. మన దేశంలో హిమాలయ ప్రాంతంలో ఉంది. తెనాలి ఎండలను తట్టుకొనే మొక్కగా మాత్రం దీనిని భావించనక్కరలేదు.

చెట్టుకు హాని లేదు. దీనికి నిజమైన వేర్లు లేవు. ఉన్న మూలతంతువులు బెరడును పట్టుకోవడానికే తప్ప చెట్టు రసాన్ని పీల్చడానికి కావు. నీరూ లవణాలూ వాన నుంచి, గాలిలోని ధూళి నుంచి నేరుగా ఆకుల ద్వారా అందుతాయి. ఈ గుణం వల్లనే, గాలి నుంచి రాలిపడే సీసం, కాడ్మియం వంటి లోహాలను అంచనా వేయడానికి ఐరోపా దేశాలు 1990 నుంచి ఐదేళ్ళకొకసారి జరుపుతున్న సర్వేలలో ఇతర నాచులతోపాటు దీనిని కూడా సేకరించి పరీక్షిస్తున్నారు. కాబట్టి ఆపిల్ చెట్టు మీద ఉన్నదాన్ని అలాగే ఉండనివ్వమని మీ అబ్బాయికి చెప్పండి. నడిచే దారిలోని రాళ్ళ మీద పెరిగినది తడిస్తే కాలు జారుతుంది గనుక అంతమేరకు గీకించుకోవచ్చు.