జీపీఎస్ లేని డ్రోన్ల గుంపు కోసం నగలు కుదువ పెట్టాలా?

ప్రశ్న: మా పాప తిరుపతిలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. జీపీఎస్ లేకుండా డ్రోన్లను గుంపుగా నడిపే రంగంలోకి వెళ్తానంటోంది. పైలట్ సర్టిఫికెట్, స్వార్మ్ (డ్రోన్ల గుంపు) శిక్షణ కలిపి లక్షా ఇరవై వేలకు నేర్పిస్తామని ఒక సంస్థవాళ్లు ఫోన్లు చేస్తున్నారు. నగలు కుదువ పెట్టి కట్టమంటారా, సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లో చేర్పించమంటారా? మా తమ్ముడి కొడుకు అలా చేరే బెంగళూరులో నెలకు అరవై వేలు తెచ్చుకుంటున్నాడు. – ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: నగలు ఇంట్లోనే ఉండనివ్వండి. ఆ సంస్థ ఒకే మూటలో కట్టి అమ్ముతున్నవి రెండు వేర్వేరు పనులు. పైలట్ సర్టిఫికెట్‌కు పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండి, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి ఉన్న చోట శిక్షణ పొందితే చాలు. పొలాల్లో పురుగుమందు కొట్టడానికి, సర్వేలకు అది పనికొస్తుంది. గుంపును నడపడం రిమోట్ పట్టుకుని చేసే పని కాదు, లెక్కలతో, ప్రోగ్రామింగ్‌తో చేసే పని.

2022 జనవరిలో ఢిల్లీ బీటింగ్ రిట్రీట్‌లో వెయ్యి డ్రోన్లు, 2024 అక్టోబరులో విజయవాడ కృష్ణ ఒడ్డున ఐదున్నర వేల డ్రోన్లు ఎగిరాయి. చాలామంది పిల్లలకు ఈ ఆశ అక్కడే పుడుతోంది. అలాంటి ప్రదర్శనల్లో ప్రతి డ్రోన్‌కూ దారి ముందే రాసిపెట్టి ఉంటుంది, తానెక్కడున్నదీ ఉపగ్రహం చెబుతుంది. ఆ ఉపగ్రహాన్ని తీసేస్తే మిగిలే కష్టమే మీ పాప ఎంచుకున్న విషయం.

ఆ కష్టం ఎంతో మీకూ తెలియాలి. జీపీఎస్ సంకేతం ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి వస్తుంది. కాంక్రీటు కప్పు కింద, శేషాచలం లోయల్లో, సంకేతాలను అడ్డుకునే జామర్ పెట్టిన చోట అది సరిగా అందదు. అప్పుడు డ్రోన్ తనలోని సెన్సర్లనే నమ్ముకోవాలి. వేగంలో మార్పును కొలిచే యాక్సెలరోమీటర్‌లో 0.05 మీ/సె² తప్పుంటే పది సెకన్లలో స్థానం రెండున్నర మీటర్లు తప్పుతుంది, నిమిషం గడిచేసరికి 90 మీటర్లు. అందుకే కింద నేలను చూసే ఆప్టికల్ ఫ్లో సెన్సర్, ఎత్తు కొలిచే లేజర్ సెన్సర్ కలుపుతారు. మన చిత్తూరు ఇళ్లలోని నున్నటి గ్రానైట్ గచ్చు మీద ఆ ఫ్లో సెన్సర్‌కు గుర్తుపట్టడానికి ఏమీ దొరకదు, డ్రోన్ పక్కకు జారిపోతుంది. అదే గచ్చు మీద ముగ్గేస్తే నిలబడుతుంది.

ఇది ఒక్క డ్రోన్ సంగతి. గుంపులో ఒకదానికొకటి ఎంత దూరమో కొలుచుకోవడానికి యూడబ్ల్యూబీ (అల్ట్రా వైడ్‌బ్యాండ్) రేడియో వాడతారు. సరిగ్గా కుదిరితే పది సెంటీమీటర్ల వరకు తేలుతుంది. కానీ ఆ దూరాన్ని సంకేతం పోయివచ్చే సమయాన్ని బట్టి లెక్కిస్తారు, రేడియో తరంగం ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది. రెండు బోర్డుల గడియారాల మధ్య పది లక్షలకు ఇరవై వంతుల తేడా ఉండి, ఒకటి పంపిన సంకేతానికి రెండోది జవాబివ్వడానికి 300 మైక్రోసెకన్లు పడితే, కొలత దాదాపు 90 సెంటీమీటర్లు తప్పుతుంది. అందుకే రెండు వైపుల నుంచీ కొలిచి ఆ తేడాను కొట్టేస్తారు. ఇక పది డ్రోన్లుంటే 45 జతలు, ఇరవై ఉంటే 190. జతకు మూడు మిల్లీసెకన్లు వేసుకున్నా ఒక చుట్టు అయ్యేసరికి అర సెకను దాటుతుంది. సెకనుకు రెండు మీటర్లు పోయే డ్రోన్ ఈలోగా మీటరు పైనే కదిలిపోయి ఉంటుంది. పైన ఉన్న డ్రోన్ రెక్కల గాలికి కిందిది కుంగిపోవడం మరో చిక్కు. చైనాలో ఝెజియాంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2022లో వెదురు తోపులో పది చిన్న డ్రోన్లను జీపీఎస్ లేకుండా నడిపి చూపించారు. కెమెరా లెక్కలో పేరుకునే తప్పును యూడబ్ల్యూబీ దూరాలతో దిద్దుకుంటూ పోవడం అందులో ఒక ముఖ్యమైన భాగం. ఇలాంటివి కొన్ని వారాల కోర్సులో పట్టుబడవు.

ఈ రంగం మీద నాకున్న అనుమానం కూడా దాచను. అచ్చంగా స్వార్మ్ మీద పనిచేసే ఉద్యోగాలు మన దేశంలో కొద్దే. డబ్బు ఎక్కువగా రక్షణ ఆర్డర్ల నుంచి వస్తుంది, ఆర్డరు ఆగితే చిన్న కంపెనీలో జీతమూ ఆగొచ్చు. ఉత్త బీటెక్‌తో వెళ్లినవాళ్లకు టెస్టింగ్, అసెంబ్లీ పనే ముందు దొరుకుతుంది. లెక్కల పని కావాలంటే ఎంటెక్ దాకా చదవాలని ఇప్పుడే మనసులో పెట్టుకోండి.

ఒక మాట గట్టిగానే అంటున్నాను, ఏమనుకోకండి. ఫీజెంతో రాశారు, తమ్ముడి కొడుకు జీతమెంతో రాశారు. పాప ఇన్నాళ్లలో ఏం తయారుచేసిందో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా? అడగకుండానే నగలు తాకట్టుకు తీసే తండ్రి, రేపు ఉద్యోగం ఆలస్యమైతే ఆ బరువంతా బిడ్డ నెత్తిన పెడతాడు. పక్కింటి జీతంతో పోల్చడం ఈ పూటతో మానేయండి.

మీ అసలు భయం ఆ బిడ్డ ఖాళీగా మిగిలిపోతుందేమోనని. మిగలదు. ఈ దారిలో నేర్చుకునే కాల్మన్ ఫిల్టర్ (తప్పులున్న సెన్సర్ కొలతలను కలిపి సరైన అంచనా తేల్చే లెక్క), సీ ప్లస్ ప్లస్, లైనక్స్, మైక్రోకంట్రోలర్ పని కార్ల కంపెనీలకు కావాలి, గోదాముల్లో తిరిగే రోబోలకు కావాలి, రాడార్లకూ టెలికామ్‌కూ కావాలి. స్వార్మ్ ఉద్యోగం రాకపోయినా చేతిలో పని ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కోచింగ్ చెడ్డదని అనను, అక్కడ చెప్పే ప్రోగ్రామింగ్‌లో సగం ఇక్కడా వస్తుంది.

ముందు మూడు నెలలు పైసా ఖర్చు లేకుండా డ్రోన్‌ను నడిపే పీఎక్స్4 సాఫ్ట్‌వేర్‌తో గజీబో సిమ్యులేటర్‌లో పని చేయమనండి. అందులో జీపీఎస్ ఆపేసి, కాల్మన్ ఫిల్టర్ తనే రాయాలి. తర్వాత రెండు యూడబ్ల్యూబీ బోర్డులు, ఒక టేపు తీసుకుని కాలేజీ వరండాలో ఒక మీటరు నుంచి పది మీటర్ల దాకా అర మీటరుకోసారి కొలవాలి. అన్ని కొలతలూ ఒకే అంత తప్పితే యాంటెన్నా ఆలస్యం (సంకేతం బోర్డు లోపల, యాంటెన్నాలో గడిపే సమయం) సరిచేయలేదని అర్థం. మనిషి అడ్డొస్తే దూరం ఎక్కువ చూపుతుంది, అదీ రాసుకోవాలి. ఆ తర్వాతే ఒక చిన్న డ్రోన్, గదిలో వల కట్టి, మీటరు ఎత్తున అరవై సెకన్లు కదలకుండా నిలపడం. రెండో డ్రోన్ అప్పుడే. తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలో నిషేధించారు. గుర్తింపున్న విద్యాసంస్థలకు పరిశోధన కోసం మినహాయింపు ఉంది, కాబట్టి విదేశీ కిట్ కావాలంటే కాలేజీ ద్వారానే అడగాలి. విడిభాగాలకు ఆ నిషేధం లేదు. సరదాకైనా తిరుమలలోనో, రేణిగుంట విమానాశ్రయం చుట్టుపక్కలో ఎగరేయకూడదు.

ఏర్పేడు దగ్గరి ఐఐటీ తిరుపతిలో నవావిష్కార్ ఐ-హబ్ ఉంది. స్థానాన్ని కచ్చితంగా కనుక్కునే సాంకేతికతలే దాని విషయం. వరండాలో తీసిన కొలతల పట్టిక, తప్పుల గ్రాఫు జతచేసి అక్కడి అధ్యాపకులకు ఇంటర్న్‌షిప్ కోసం మెయిల్ రాయమనండి. సర్టిఫికెట్ జిరాక్సు కన్నా ఆ పట్టికనే వాళ్లు శ్రద్ధగా చూస్తారు.