మట్టిగోడకి ప్లాస్టిక్ పెయింట్ ఎందుకు నిలవదు?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. ముత్తాతగారి నాటి చుట్టిల్లు, మట్టిగోడలు, పైన తాటాకు కప్పు. మేం వైజాగ్‌లో ఉంటాం, పండగలకి మాత్రం వెళ్తాం. పోయిన ఎండాకాలం గోడలకి సిమెంట్ పూయించి ప్లాస్టిక్ పెయింట్ (ఎమల్షన్) వేయిస్తే వానలు పడ్డాక కింద అంతా పెచ్చులూడిపోతోంది. ఈసారి పాతకాలం రంగులే వేద్దామనుకుంటే మా చిన్నాన్న సున్నంలో పసుపు కలిపి పచ్చగా వేసేయమంటున్నారు. నిలుస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు రంగు సంగతి పక్కన పెట్టి కప్పు చూడండమ్మా. ఆకు కుళ్లినా, చూరు కురచైపోయినా నీళ్లు గోడ మొదట్లోనే పడతాయి, అప్పుడు ఏం పూసినా దండగే. ఆకు మార్చేది ఉంటే అది అయ్యాకే గోడ ముట్టుకోండి.

ఇక పెచ్చుల సంగతి. మట్టిగోడ నేలలోంచి తేమ పీలుస్తుంది, ఎండకి మళ్లీ వదిలేస్తుంది, మీరేమో సిమెంటూ ప్లాస్టిక్ పెయింటూ వేసి ఆ తేమ బయటికొచ్చే దారి మూసేశారు, ఇంక అది లోపలే ఉండిపోయి ఉప్పు తేలి పూతని తోసేస్తోంది. కాబట్టి మళ్లీ పైపైన పుట్టీ పెట్టించకుండా సిమెంట్ మెల్లగా చెక్కించేయండి, కొంత మట్టి కూడా ఊడొస్తుంది, కంగారు పడొద్దు. మట్టిలో వరిగడ్డి ముక్కలు, పేడ కలిపి మాగబెట్టి మెత్తించి, పూర్తిగా ఆరనివ్వండి.

దానిమీద సున్నమే. రాతిసున్నమో గుల్లసున్నమో తెచ్చి ఇనప డ్రమ్ములో నీళ్లు పోసి అందులో సున్నం కొద్దికొద్దిగా వేయాలి, సున్నం మీద నీళ్లు కుమ్మరిస్తే ఎగజిమ్ముతుంది, కళ్లు పోతాయి, పిల్లల్ని అసలు దగ్గరికి రానివ్వొద్దు. అల్యూమినియం గిన్నెలు వద్దు, సున్నం తినేస్తుంది. కొన్ని వారాలు నీళ్లలో నాననిచ్చి, గుడ్డలో వడకట్టి, కాస్త తుమ్మ జిగురు కలిపి, పాలలా పలచగా చేసి, గోడ తడిపి కొట్టించండి. వేసేటప్పుడు ఏమీ కనపడదు, మేస్త్రీ "ఇంకొంచెం చిక్కగా కొడదామండీ" అంటాడు, వినకండి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పట్టుకుని అది మెల్లగా సున్నపురాయిగా మారుతుంది, తెలుపు అప్పుడు తేలుతుంది. చిక్కగా వేస్తే బీటలిచ్చి రాలిపోతుంది. పలచగా మూడు కోట్లు, మిట్టమధ్యాహ్నం ఎండలో మాత్రం వద్దు.

పసుపు మాటకొస్తే, సున్నంలో పసుపు కలిస్తే పారాణి అవుతుంది, మీ చిన్నాన్నగారికి ఇది తెలియకుండా ఉండదు, మర్చిపోయుంటారు! ఆ ఎరుపు కూడా ఎండకి వెలిసిపోతుంది. పచ్చ కావాలంటే ఎల్లో ఓకర్, ఎరుపు కావాలంటే జాజు. రెండూ ఇనుము ఉన్న మట్టి రంగులే, సున్నం ఘాటుకి చెడవు. రంగు సున్నం బరువులో పదో వంతు దాటితే చేతికి అంటుతుంది. తడిమీద ముదురుగా ఉండి ఆరాక బాగా తేలిపోతుంది కాబట్టి వెనకగోడ మీద ఓ చిన్న ముక్క వేసి, ఆరాక చూసి నిర్ణయించుకోండి. నా ఓటైతే గోడంతా తెలుపు, కింద జాజు పట్టీ, ఎందుకంటే వానకి చిమ్మే ఎర్రమట్టి దానిమీద కనపడదు.

ప్రశ్న: ఖాదీ వాళ్ల ఆవుపేడ పెయింట్ మట్టిగోడకి వేయొచ్చా? పాత తలుపులకి ఏం పూయాలి?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: ఆ ప్రాకృతిక్ పెయింట్ 2021 జనవరిలో వచ్చింది, డిస్టెంపర్, ఎమల్షన్ అని రెండు రకాలు. సిమెంట్ గదులకి వేసుకోండి. మట్టిగోడకి మాత్రం సున్నమో, పేడ నీళ్లలో జాజు కలిపిన అలుకో చాలు, ఖర్చూ తక్కువ.

తలుపులకి అవిసె నూనె పలచగా రుద్ది, మిగిలింది గుడ్డతో తుడిచేయండి. ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి పడేయొద్దు, వాటంతటవే అంటుకుంటాయి, అందులోనూ పైన తాటాకు! విడివిడిగా పరిచి ఆరబెట్టండి. మీ వైపు జీడిపప్పు తీసే పలాస దగ్గరే కాబట్టి జీడి నూనె (జీడిగింజ పెంకుల్లోంచి తీసేది) రాయమని కూడా చెప్తారు, చెదలకి మంచిదే, కానీ ఒంటికి తగిలితే పొక్కులు వచ్చేస్తాయి. అందుకని చేతులు పెట్టే తలుపుకి వద్దు, వాసాలకి రాయించుకోండి, అదీ గ్లౌజులతో.