జయప్రకాశ్ రెడ్డి గారిని నాటకాల్లో చూసినవాళ్ళు ఉన్నారా? నిజంగా అంత గొప్ప రంగస్థల నటుడా?

చూశాను. గుంటూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో ఆయన వేసిన ‘అలెగ్జాండర్’ నాటకం చూసే అవకాశం దొరికింది. సినిమాల్లో విలన్‌గా, కమెడియన్‌గా చూడటమే తప్ప ఆయన నాటకాల సంగతి తెలీదని, ఎవరైనా స్వయంగా చూసి ఉంటే చెప్పమని అడిగారు కదా. ఒక్క ముక్కలో చెప్పాలంటే, జయప్రకాశ్ రెడ్డి గారు జీవితమంతా నాటక నటుడే. మధ్యలో సినిమాలు ఆయన్ని బాగా వాడుకున్నాయి, బోలెడంత పేరు తెచ్చాయి. కానీ ఆయన దగ్గరున్న విద్యలో సగం కూడా తెరమీద కనబడలేదని నా గట్టి నమ్మకం. ఎందుకంటున్నానో కొంచెం వివరంగా రాస్తాను.

ఆయన పుట్టింది 1946 మే 8న, సిరివెళ్ళలో. అప్పట్లో అది కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. మా అమ్మమ్మ వాళ్ళది ఆళ్ళగడ్డ వైపు, సిరివెళ్ళ అంటే మాకు పక్క ఊరు కిందే లెక్క. అందుకే ఆయన మీద నాకు కాస్త మనవాడన్న అభిమానం ఉంది, అది కూడా కలుపుకొని చదువుకోండి. తండ్రి సాంబిరెడ్డి గారు పోలీసు శాఖలో ఎస్సైగా చేశారు. చదువు కొంత నెల్లూరులో, కొంత అనంతపురంలో సాగింది. తండ్రికీ నాటకాలంటే ఇష్టమే, తండ్రీ కొడుకులిద్దరూ కలిసి వేదిక మీద నటించారు కూడా. ఆ రోజుల్లో ఎన్ని ఇళ్ళలో నాటకాలంటే తన్ని తరిమేవాళ్ళో తెలిసినవాళ్ళకు ఇది ఎంత అదృష్టమో అర్థమవుతుంది.

చదువయ్యాక లెక్కల మాస్టారుగా చేరారు, గుంటూరులో స్థిరపడ్డారు. సినిమా వ్యాసాల్లో ఈ సంగతి ఒక వాక్యంలో దాటేస్తారు గానీ ఆయన నటనకు పునాది ఇక్కడే ఉందనిపిస్తుంది నాకు. ఆ తరంలో తెలుగు నాటకాన్ని నిలబెట్టింది ఉద్యోగస్తులే. మాస్టార్లు, బ్యాంకు వాళ్ళు, ఎల్ఐసీ వాళ్ళు, కరెంటాఫీసు వాళ్ళు. పగలు ఉద్యోగం, సాయంత్రం ఏదో ఒక స్కూలు గదిలో రిహార్సల్, నాటక పోటీలు నడిపే పరిషత్తుల సీజన్ వస్తే సెలవు పెట్టి విగ్గులూ సెట్టు సామానూ సర్దుకుని బస్సెక్కడం. నేనూ కొన్ని నాటికల్లో చిన్న చిన్న వేషాలు వేసినవాణ్ణే కాబట్టి ఆ వాతావరణం తెలుసు.

పరిషత్తులో ఒక రాత్రికి మూడు నాలుగు నాటికలు పడతాయి. చివరి వంతు వచ్చినవాళ్ళ తెర లేచేసరికి అర్ధరాత్రి దాటుతుంది. పైనుంచి వేలాడదీసిన మైకులు రెండో మూడో ఉంటాయి, వాటి కిందున్నంతసేపే గొంతు సరిగ్గా అందుతుంది. అటో ఇటో రెండడుగులు జరిగితే మాట సగం గాల్లో కలిసిపోతుంది. ముందు వరసలో న్యాయనిర్ణేతలు కాగితాల మీద మార్కులు వేసుకుంటూ ఉంటారు, వెనక జనం కునికిపాట్లు పడుతూ ఉంటారు. అక్కడ జనాన్ని లేపి కూర్చోబెట్టాలంటే అరిస్తే సరిపోదు. అరుపు చెవికి తగులుతుంది గానీ మాట అర్థం కాదు. ఒత్తులు మింగకుండా, వాక్యం చివర్లో గాలి అయిపోకుండా, పొట్టలోంచి తీసిన గొంతుతో చెప్పాలి. జయప్రకాశ్ రెడ్డి గారి గొంతు అలాంటి చోట్ల తయారైంది. దానికి తోడు రోజూ ఓ గదినిండా పిల్లలకు లెక్కలు చెప్పడం. ఎక్కడ ఆపాలో, ఎవరి కళ్ళలోకి చూడాలో మాస్టారికి ఎవరూ నేర్పక్కర్లేదు.

సినిమా అవకాశం కూడా నాటకమే ఇచ్చింది. నల్గొండలో ‘గప్ చుప్’ అనే నాటకం ఆడుతున్నప్పుడు దాసరి నారాయణరావు గారు చూశారు. నచ్చి, నిర్మాత రామానాయుడు గారికి చెప్పారు. అలా 1988లో ‘బ్రహ్మపుత్రుడు’తో తెరమీదికి వచ్చారు. అప్పటికి ఆయన వయసు 42. ఆ తర్వాత కొన్నేళ్ళు వేషాలు వచ్చాయి గానీ ఇల్లు గడవడానికి అవి చాల్లేదు. మళ్ళీ గుంటూరు వచ్చి పిల్లలకు పాఠాలు చెప్పుకున్నారు. ఒకసారి సినిమా రుచి చూసి, నలుగురూ గుర్తుపట్టడం మొదలయ్యాక మళ్ళీ చాక్‌పీసు పట్టుకోవడం ఎంత కష్టమో ఊహించండి. ఆ కష్టాన్ని ఆయన గౌరవంగా మోశారు. నాకు ఆయన కెరీర్‌లో అన్నిటికంటే పెద్దగా కనిపించేవి ఆ నాలుగైదేళ్ళే. చాలామంది క్యారెక్టర్ ఆర్టిస్టులు అక్కడే ఆగిపోయారు, వాళ్ళ పేర్లు మనకు తెలియను కూడా తెలియవు.

1997లో ‘ప్రేమించుకుందాం రా’ వచ్చింది. మళ్ళీ రామానాయుడు గారి సంస్థే, దర్శకుడు జయంత్ సి. పరాన్జీ. హీరోయిన్ తండ్రి, కర్నూలు ఫ్యాక్షన్ నాయకుడు వీరభద్రయ్య పాత్ర. ఆ యాస పట్టుకోవడానికి ఆయన టేప్ రికార్డర్ పెట్టుకుని సీమ ఊళ్ళలో తిరిగి జనం మాటలు రికార్డు చేసుకున్నారు. చూడండి, పుట్టిందే సిరివెళ్ళలో. తనకు తెలుసులే అనుకుని ఊరుకోవచ్చు. ఎన్నో ఏళ్ళుగా గుంటూరులో ఉంటున్నాను కాబట్టి నా నాలుక మారి ఉంటుందని అనుమానించడం, మళ్ళీ వెళ్ళి విద్యార్థిలా వినడం నాటకాల వాళ్ళకు ఉండే క్రమశిక్షణ.

ఆ సినిమా మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో మా మామయ్యలతో కూర్చుని టీవీలో చూశాను. అంతకుముందు సినిమాల్లో సీమ మాటంటే వాక్యానికో ‘అప్పా’ తగిలించడమే. ఆయన వీరభద్రయ్య నోరు విప్పగానే మా పెద్ద మామయ్య కుర్చీలో ముందుకు జరిగి ‘ఈయన మనోడేరా’ అన్నాడు. ఎందుకలా అనిపించిందో తర్వాత చాలాసార్లు ఆ సన్నివేశాలు పెట్టుకుని చూశాను. ఆయన ‘యాడ’, ‘ఎట్ల’, ‘పోతాండా’ లాంటి మాటల మీద ఆధారపడలేదు. మా వైపు పెద్దమనిషి నిజంగా కోపమొస్తే గొంతు పెంచడు. మాట నెమ్మదిస్తుంది. వాక్యం చివర గొంతు పైకి లేవకుండా కిందికి దిగుతుంది, ఆ దిగడంలోనే బెదిరింపు ఉంటుంది. ఎదుటివాడి వైపు చూడకుండా ఎటో చూస్తూ మాట్లాడి, చివరి మాటకు మాత్రం తలెత్తుతాడు. ఇది ఊళ్ళో రచ్చబండ దగ్గర చూసినవాడికే తెలుస్తుంది. దాన్ని ఆయన తెచ్చి తెరమీద పెట్టారు. 51 ఏళ్ళ వయసులో, తెలుగు సినిమాకు అంతకుముందు లేని ఒక విలన్‌ని ఇచ్చారు.

తర్వాతవి మీకు తెలిసినవే. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2000లో ‘జయం మనదే రా’, 2001లో ‘నరసింహనాయుడు’. ‘జయం మనదే రా’కు ఉత్తమ విలన్‌గా నంది కూడా వచ్చింది.

ఇక్కడ సీమవాడిగా ఒక మాట చెప్పకపోతే మనసొప్పదు. ఆ సినిమాలు ఆడిన రోజుల్లో మా వైపు పిల్లలు హైదరాబాద్ కాలేజీల్లో చేరి నోరు తెరిస్తే చాలు, ‘బ్యాగులో బాంబులున్నాయా’ అని అడిగేవాళ్ళు. మా చెల్లెలు ఆ బాధ పడలేక హాస్టల్లో యాస మార్చుకుంది, ఇంటికొచ్చినా ఆ మాటే మాట్లాడేది. సీమ అంటే కరువు, వలసలు, వేరుశనగ చేలు, కొర్రన్నం, కథలు చెప్పే అవ్వలు. అవన్నీ పోయి సుమోలు, కొడవళ్ళు మిగిలాయి తెరమీద. ఆ తప్పు ఆయన మీద వేయడం మాత్రం అన్యాయం. కథలు రాసింది ఆయన కాదు, ఒకటి ఆడిందని పది అలాంటివే తీసింది ఆయన కాదు. తనకిచ్చిన పాత్రలో యాసను ఎక్కడా వెక్కిరింతగా పలకలేదు, ఎక్కడా చులకన చేయలేదు. మా మాటకు అంత గంభీరత ఉందని రాష్ట్రమంతా విన్నది ఆయన నోటినుంచే. ఈ రెండు సంగతులూ నాకు పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి చెప్పి రెండోది దాచలేను.

కామెడీ సంగతి. విలన్‌గా ముద్ర పడ్డాక బయటపడటం చాలా కష్టం. ఆయన బయటపడ్డారు, అదీ వేషం మార్చకుండా. అవే మీసాలు, అదే యాస, అదే గొంతు. ‘ఎవడి గోల వాడిది’, ‘ఢీ’, ‘రెడీ’, ‘కిక్’ వరసగా చూస్తే ఒక విషయం తెలుస్తుంది. ఆయన ఎప్పుడూ నవ్వించడానికి ప్రయత్నించరు. పాత్ర తన బాధలో తాను నిజంగా ఉంటుంది. ‘రెడీ’లో కోట శ్రీనివాసరావు గారి కుటుంబం ఒకవైపు, ఈయన కుటుంబం ఒకవైపు, మధ్యలో ఆడిటర్‌గా బ్రహ్మానందం గారు. చుట్టూ అంత గోల జరుగుతుంటే ఈయన మొహంలో మేనకోడలి పెళ్ళి గురించిన టెన్షన్ తప్ప ఇంకేమీ ఉండదు. కామెడీ చేస్తున్నానని ఆ పాత్రకు తెలియదు. పరిషత్తు నాటికల్లో హాస్యపాత్రకు బహుమతి కొట్టేవాళ్ళంతా చేసేది ఇదే. జనం నవ్వు ఆగేదాకా ఆగి తర్వాతి మాట అందుకోవడం వేదిక మీద నేర్చుకున్న విద్య. సినిమాలో ఎదురుగా జనం ఉండరు కాబట్టి ఎంతసేపు ఆగాలో నటుడే ఊహించాలి, ఆ ఊహ ఆయనకు అంత కచ్చితంగా ఉండేది.

ఇక మీ అసలు ప్రశ్న. ‘అలెగ్జాండర్’ ఏకపాత్ర నాటకం. పూసల గారి రచన. రిటైరైన సైనికాధికారి పాత్ర, దాదాపు 100 నిమిషాలు వేదిక మీద ఆయన ఒక్కరే. మనకు ఏకపాత్రాభినయం అంటే దుర్యోధనుడి మయసభ ఘట్టమో ఇంకోటో పది పదిహేను నిమిషాలు చెప్పడం అలవాటు. 100 నిమిషాలంటే ఒక సినిమా. మాట అందించే తోటి నటుడు లేడు, మర్చిపోతే కవర్ చేసేవాడు లేడు, మంచినీళ్ళు తాగడానికి కూడా సన్నివేశంలో చోటు వెతుక్కోవాలి. అప్పటికే వయసు మీద పడిన మనిషి.

నేను వెళ్ళింది నిజం చెప్పాలంటే సినిమా విలన్‌ని దగ్గరగా చూద్దామని. మొదటి కాసేపు హాల్లో అందరిదీ అదే పరిస్థితి, ఆయన కనబడగానే వెనక ఈలలు వేశారు. ఆ ఈలలు ఆగడానికి ఎక్కువసేపు పట్టలేదు. సీమ యాస లేదు, మీసం తిప్పడాలు లేవు. నన్ను పట్టేసింది ఆయన మాట్లాడటం కాదు, వినడం. వేదిక మీద లేని మనిషి మాట వింటున్నప్పుడు ముందు కనుబొమలు కదిలేవి, తర్వాత మెడ కొద్దిగా వంగేది, నోరు తెరవబోయి ఆగిపోయేవారు. అవతలి మనిషి మధ్యలో అడ్డొచ్చాడని మనకు అక్కడే తెలిసిపోతుంది. లేని మనిషికి వయసు, ఏడుపు, మొండితనం అన్నీ ఈయన మొహంలోంచే వచ్చాయి. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒక చోట ‘అయ్యో’ అని పైకే అన్నాడు, ఎవరూ నవ్వలేదు. సినిమాల్లో క్యారెక్టర్ ఆర్టిస్టు వింటున్నప్పుడు కెమెరా హీరో మీద ఉంటుంది. అందుకే ఆయన వినడం ఎలా ఉంటుందో మనం సినిమాల్లో చూడనే లేదు. సగం విద్య బయటపడలేదని మొదట్లో అన్నది ఇందుకే.

డబ్బు, పేరు వచ్చాక కూడా ఆయన హైదరాబాద్‌కే పరిమితం కాలేదు. గుంటూరులో ‘జేపీస్ నెలనెలా నాటక సభ’ పేరుతో నాటకాలు వేయించారు. నెలకోసారి నాటకం అంటే చిన్న మాట కాదు. సమాజాలను పిలవాలి, హాలు చూడాలి, వచ్చినవాళ్ళ భోజనాలు చూడాలి, ఆ పైన జనం రావాలి. తెరమీద సంపాదించిన పేరును ఆయన ఇలా వేదికకు తిరిగి ఇచ్చారు. ‘అలెగ్జాండర్’ను ధవళ సత్యం గారి దర్శకత్వంలో సినిమాగానూ తీశారు.

2020 సంక్రాంతికి ‘సరిలేరు నీకెవ్వరు’లో అందరినీ నవ్వించారు. అదే ఏడాది సెప్టెంబర్ 8న గుంటూరులోని ఇంట్లో గుండెపోటుతో పోయారు. 74 ఏళ్ళు. కరోనా రోజులు కావడంతో నాటకాల వాళ్ళు చాలామంది వెళ్ళి ఆఖరి చూపు చూసుకోలేకపోయారు.

మీకు ఆసక్తి ఉంటే ముందు ‘ప్రేమించుకుందాం రా’ చూడండి, వెంటనే ‘రెడీ’ చూడండి. రెండింట్లోనూ ఆయన ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ గొంతు దింపుతున్నారో గమనించండి. ఆ తర్వాత ‘అలెగ్జాండర్’ దొరికితే చెవులు రిక్కించుకుని వినండి, మొహం మీదినుంచి చూపు తిప్పకండి. నాకు మిగిలిపోయిన వెలితి ‘గప్ చుప్’. దాసరి గారిని మెప్పించిన ఆ వేషాన్ని నేను చూడలేదు. నల్గొండ వాళ్ళు, గుంటూరు వాళ్ళు ఎవరైనా చూసి ఉంటే, ఆయన అందులో ఎలా చేశారో దయచేసి ఇక్కడ రాయండి.